ముదురు పాకం

ఆ శ్రావణంలో నాకు ఊరికే నవ్వొచ్చేది. పెళ్ళయి మూడు నెలలు. అందులో ఆషాఢమంతా రామచంద్రపురంలో మా అమ్మ దగ్గర గడిచిపోయింది. తిరిగి వస్తున్న రోజున కోటిపల్లిలో పంటు ఎక్కి గోదావరి దాటుతుంటే, అవతలి ఒడ్డున ఒక మనిషి గొడుగు విప్పి పట్టుకుని నిలబడి కనిపించాడు. వాన లేదు. ఎండా లేదు. దగ్గరికి వెళ్ళాక చూస్తే మా ఆయన వేణు.

"గొడుగెందుకు?" అన్నాను పంటు దిగుతూ.

"ఇంతమందిలో నన్ను గుర్తుపట్టలేవేమోనని."

"నెల రోజులకే మొహం మర్చిపోతానా?"

"ఎవరికి తెలుసు, ఎమ్మెస్సీ చదివినదానివి."

బండి మీద ఊరిదాకా నవ్వుతూనే ఉన్నాను. వేణు నవ్వడం దారిలోనే ఆపేశాడని ఇల్లు కనపడ్డాక గాని గమనించలేదు. వీధి గుమ్మం ముందు బండి ఆపి, తాళం చేతిలో తిప్పుతూ, "నాన్న కొంచెం తగ్గారు. చూసి కంగారు పడకు" అన్నాడు.

కొంచెం కాదు. మే నెలలో మా పెళ్ళి పందిట్లో కొబ్బరి గెల భుజాన వేసుకుని తిరిగిన మనిషి మా మామగారు గవర్రాజు గారు. ఇప్పుడు వసారాలో నవారు మంచం మీద, దుప్పటి కింద ఉన్నారా లేదా అన్నట్టున్నారు. కాలేయమట. కాకినాడలో చూపిస్తే, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అన్నారట. కొత్త పెళ్ళికూతురికి ఇలాంటి కబురెందుకని నాకు చెప్పలేదు.

"వచ్చావా అమ్మాయ్," అన్నారాయన. "పంటు మీద భయపడ్డావా?"

"లేదండి మావయ్యగారూ."

"ఇష్టమైనవి పెట్టమన్నారంట. నాకిష్టమైనవన్నీ నూనెలో వేగేవే. నూనె మటుకు తగలకూడదంట. ఎలాగుంది వాళ్ళ తెలివి?"

నాకు నవ్వొచ్చేసింది. ఆయనా నవ్వారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యగారి మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

*

మా మామగారు చేసేది కొబ్బరి వ్యాపారమే అయినా, ఊళ్ళో ఆయన్ని పాకం గవర్రాజు గారనే అంటారు. ఎవరింట్లో సారె అరిసెలు వండుతున్నా బెల్లం పొయ్యి మీద పెట్టి ఆయనకి కబురు పంపేవారట. ఆయన వెళ్ళి వీధి అరుగు మీద కూర్చునేవారు. వంటింట్లో అడుగు కూడా పెట్టేవారు కాదు. లోపల ఎవరో పాకం చుక్కని నీళ్ళ పళ్ళెంలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, కంచానికేసి కొడితే, ఆ చప్పుడు విని "ఇంకాస్త" అనో, "దించెయ్యండి" అనో కేకేసేవారు. వాళ్ళమ్మగారికి చివరి రోజుల్లో చూపు పోయిందట. ఆవిడ చెవితో నేర్చుకున్న విద్య ఈయన చెవికి వచ్చింది.

వరలక్ష్మీ వ్రతానికి కాసిని అరిసెలు వండాలన్నప్పుడు, పాకం నా చేతే పట్టించాలని మావయ్యగారు పట్టుబట్టారు. ఆయన మంచానికీ మా పొయ్యికీ మధ్య ఒక్క గోడ, ఆ గోడలో ఒక కిటికీ.

"అమ్మాయ్, నీ చదువులో పాకం గురించి ఏం చెప్పారు?" అన్నారు కిటికీలోంచి.

"నూట పదిహేను డిగ్రీల దగ్గర ఉండ కడుతుందండి. థర్మామీటరు ఉంటే చూడొచ్చు."

"జ్వరం నాకు, బెల్లానికి కాదు. కంచం తీసుకో."

కంచం తీసుకున్నాను. మొదటి చుక్క నీళ్ళలో కరిగిపోయింది. రెండోది వేళ్ళకి సాగింది. మూడోసారి ఉండ కట్టింది. కంచానికేసి కొట్టాను.

"విన్నావా? తప్పుమంది. మెత్తటి చప్పుడు. ఇంట్లో తినేవాటికి ఇదే పాకం, దించెయ్. ఇంకాస్త ఉంచావనుకో, టక్కుమంటది. అది ముదురు. అరిసె గట్టిపడుద్ది గాని రెణ్ణెల్లయినా చెక్కు చెదరదు. మా చిన్నాన్న మిలిట్రీలో ఉన్నప్పుడు మా అమ్మ అలా చేసే పార్సిలు కట్టేది."

"ఇంకా ఉంచితేనండి?"

"ఖంగుమంటది. అప్పుడది అరిసె కాదు, జీడి. సుత్తి తెచ్చుకుని తినాలి."

అత్తయ్యగారు తడిపిండి దోసిళ్ళతో పోస్తుంటే నేను తెడ్డుతో తిప్పాను. భుజాలు పడిపోయాయి. నువ్వులద్ది, ఆకు మీద తట్టి, నూనెలో వదిలిన మొదటి అరిసె అడుగుకి మునిగి, ఒక్క క్షణం ఆలోచించుకుని, పైకి తేలి పొంగింది. నా జన్మలో అంత చిన్న విషయానికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కి నూనె పిండుతుంటే, వేణు వెనకనుంచి వచ్చి వేడిది లాక్కుని నోట్లో పెట్టుకుని గెంతులేశాడు. ఇద్దరం కొట్టుగదిలో దూరి, చప్పుడు రాకుండా నోళ్ళు మూసుకుని నవ్వాం.

అప్పుడు వసారాలోంచి దగ్గు మొదలైంది. చాలాసేపు ఆగలేదు. వేణు నోట్లో సగం నమిలిన అరిసెతో అలాగే నిలబడిపోయాడు.

*

మా తోడికోడలు పద్మజక్కకి ఒక్కతే కూతురు, ధాత్రి. బావగారు విశాఖపట్నంలో పని చేస్తూ ఆదివారాలు వచ్చి వెళ్ళేవారు. ధాత్రికి పదిహేనో నెల నడుస్తోంది గాని పిల్ల నడవడం లేదు. గోడ పట్టుకుంటుంది, మంచం పట్టె పట్టుకుంటుంది, తాతయ్య వేలు పట్టుకుని ఊరంతా తిరిగొచ్చేలా ఉంటుంది. చెయ్యి వదిలితే చాలు, చతికిలబడి తనకి తనే చప్పట్లు కొట్టుకుంటుంది.

"బద్ధకం. వాళ్ళ నాన్న పోలిక," అనేది అక్క.

"మీ ఆయన పదకొండో నెలకే వీధిలోకి పరిగెత్తాడమ్మా. బద్ధకం మీ వైపుదే," అనేవారు మావయ్యగారు. రోజంతా మంచం మీదనుంచి ఆ పిల్ల కాళ్ళనే చూసేవారు.

ఒకరోజు నేను పిల్ల కాళ్ళకి నూనె రాస్తుంటే అన్నారు. "ఈ ఇంట్లో పుట్టిన పిల్లలందర్నీ నా పాకం మీదే నడిపించానమ్మాయ్. నా చెల్లెళ్ళని, వాళ్ళ పిల్లల్ని, నా కొడుకులిద్దర్నీ. ఎవరు మొదటి అడుగేసినా మర్నాటికి అడుగుల అరిసెలు. గుడ్డ పరిచి, వరసగా పేర్చి, వాటిమీద నడిపించి, ఊళ్ళో పిల్లలకి పంచేవోళ్ళం. ఇదొక్కత్తే మిగిలింది."

"నడుస్తుందండి, ఈ నెల్లోనే."

"నడుస్తది. నడవకేం చేస్తది."

ఆ సాయంత్రం అత్తయ్యగారు చింతపండు పిసుకుతూ, మా ఇద్దరి వైపూ చూడకుండా అన్నారు. "ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా నూనె మూకుడు పెట్టకూడదు. పిల్ల ఈలోగా నడిస్తే ఆయన చేతిమీద అవుద్ది. లేకపోతే మీ అమ్మావాళ్ళు చేసి తెస్తారు పెద్దమ్మాయ్. అంతే." చారు పొయ్యి మీద పెట్టారు.

అప్పటినుంచి ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం ఆ పిల్ల వెనకాలే. అక్క బొమ్మ చూపించి పిలిచేది, నేను గాజులు మోగించేదాన్ని. అత్తయ్యగారు ఏమీ చేసేవారు కాదు, చేస్తున్న పని ఆపి చూసేవారు. ధాత్రి అందర్నీ చూసి, నవ్వి, కూర్చునేది.

*

భాద్రపదం వచ్చింది. గోదావరికి నీళ్ళొచ్చి నాలుగు రోజులు పంటు ఆపేశారు. మావయ్యగారు రెండు రోజులుగా గోడ వైపు తిరిగి పడుకున్నారు. బార్లీ నీళ్ళు కూడా వద్దన్నారు.

ఆ మధ్యాహ్నం పెరటి గదిలో నేనూ ధాత్రీ ఉన్నాం. వాన ధారగా పడుతోంది. పిల్ల గోడ వదిలేసింది. వదిలేసి, కూర్చోలేదు. నిలబడింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. రెండు చేతులూ గాల్లో పెట్టి, ఎవరో పైనుంచి పట్టుకున్నట్టు నిలబడింది. తర్వాత కూర్చుంది.

నేను వసారాలోకి పరిగెత్తాను. ఆ గది గుమ్మం దాటేటప్పుడు పిల్ల నిలబడింది అని చెప్పాలనే అనుకున్నాను. మంచం దగ్గరికి వెళ్ళేసరికి, గోడ వైపు తిరిగి ఉన్న ఆ వీపు చూసేసరికి, నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"మావయ్యగారూ, ధాత్రి నడిచిందండి. మూడడుగులు."

ఆయన ఇటు తిరిగారు. తిరగడానికి చాలాసేపు పట్టింది.

"ఏ కాలు ముందేసింది?"

"కుడికాలండి."

"కుడికాలు," అన్నారు. నన్ను కాసేపు చూశారు. "మంచిది."

వంటింట్లో అక్క నా మాట విని పెరటి గదిలోకి పరిగెత్తి, పిల్లని నిలబెట్టి, చెయ్యి వదిలి, మళ్ళీ నిలబెట్టి, నా వైపు తిరిగింది. అత్తయ్యగారు కూడా వచ్చారు. నేను తల దించుకున్నాను.

"నడవలేదా?" అన్నారు అత్తయ్యగారు.

"నిలబడిందండి."

"నిలబడటం నడవటం ఒకటేనా? అంత చదువూ చదివి ఎలా అన్నావే ఆ మాట?" ఆవిడ గొంతు పెంచలేదు. "వెయ్యని అడుగుకి అరిసెలు వండితే ఆ అడుగు వెనక్కి పోతదని మా అత్తగారనేది. పసిపిల్లతో ఆటలా?"

అక్క ధాత్రిని ఎత్తుకుని నా నుంచి అటు తిరిగింది. అది నాకు ఎక్కువ తగిలింది.

"పోయి చెప్పేస్తాను," అని అత్తయ్యగారు వసారాలోకి వెళ్ళారు. గుమ్మం దగ్గర మేమిద్దరం నిలబడ్డాం. మావయ్యగారు మోచేతి మీద లేచి కూర్చోవాలని ప్రయత్నిస్తున్నారు.

"రత్నం, బియ్యం నానబొయ్యి. ముతకవి పొయ్యి. బెల్లం పాతదుందా? దిండు ఇంకోటి పెట్టు నాకు."

అత్తయ్యగారు దిండు పెట్టారు. భుజం పట్టుకుని సర్దారు. మా ముందునుంచే వంటింట్లోకి వచ్చి, డబ్బాలోంచి బియ్యం కొలిచి, నీళ్ళు పోశారు. అక్క ఆ గిన్నె వంక చూసి, పిల్ల తలమీద చెయ్యి వేసుకుని, సరేనన్నట్టు తలూపింది.

*

మూడో రోజు పొద్దున్న బియ్యం వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించి, పిండి నొక్కి గుడ్డ కప్పాం. బెల్లం పొయ్యి మీద పెట్టేముందు నేను మంచం దగ్గరికి వెళ్ళాను.

"మావయ్యగారూ, మీకొకటి చెప్పాలి."

"తెడ్డుకి నూనె రాశావా?"

"రాశానండి. అది కాదు, మొన్న నేను..."

"కంచం ఇత్తడిదే తీసుకో. స్టీలు అబద్ధాలాడుద్ది. వెళ్ళు, బెల్లం మాడిపోద్ది."

వెళ్ళాను. బెల్లం పొంగింది, నురగ అణిగింది, బుడగలు పెద్దవయ్యాయి. ఉండ చేసి కంచానికేసి కొట్టాను. తప్పుమంది. నాకు తెలిసిన చప్పుడే. మసిగుడ్డ పట్టుకుని దించబోయాను.

"ఇంకాస్త," అన్నారు కిటికీలోంచి.

మళ్ళీ కొట్టాను.

"ఇంకాస్త."

అత్తయ్యగారు నా వంక చూశారు. మంట తగ్గించారు. నేను మళ్ళీ కొట్టాను. ఈసారి టక్కుమంది, గోళీకాయ గచ్చు మీద పడ్డట్టు.

"దించెయ్యమ్మా."

పిండి కలపడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది. తట్టబోతే అంచులు పగిలాయి. వేగినవి ఎర్రగా, గట్టిగా, చెక్కల మధ్య నొక్కితే చెక్కలే నొచ్చుకునేలా వచ్చాయి. వేణు ఒకటి కొరికి దవడ పట్టుకున్నాడు. "అమ్మో," అని, వసారా వైపు చూసి, గొంతు తగ్గించి, "ముదిరిపోయిందే" అన్నాడు.

అత్తయ్యగారు మూకుడు ముందు కూర్చుని కళ్ళొత్తుకున్నారు. కాకినాడనుంచి వచ్చినరోజున కూడా ఆవిడ ఏడవలేదని అక్క చెప్పింది. "ఆయన చెవి పోయింది," అన్నారు. "చెవి కూడా పోయింది."

కొత్త తువ్వాలు పరిచి పదకొండు అరిసెలు పేర్చాం. అక్క ధాత్రిని రెండు చేతులూ పట్టుకుని వాటిమీద నడిపించింది. పిల్ల మోకాళ్ళు మడుస్తూ, వేలాడుతూ, మధ్యలో కూర్చోబోతూ ఆ చివరికి చేరింది. మేమందరం చప్పట్లు కొట్టాం. మావయ్యగారు దిళ్ళకి ఆనుకుని ఆ మోకాళ్ళని చూశారు.

"బాగా నడిచింది," అన్నారు. "మా తల్లే."

కాసేపయ్యాక నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఆ అరిసెలన్నీ డబ్బాలో పెట్టి మీ అమ్మగారింటికి పంపించు. కొత్త కోడలి చేతి అరిసెలు వియ్యంకులు తినాలిగా."

"అన్నీనా అండి? ఊళ్ళో పిల్లలకి?"

"ఈ ఊళ్ళో పిల్లలకి ఇంకా గట్టి పళ్ళు రాలేదులే." నవ్వబోయి దగ్గారు. "వేణుని పిలు. నేను చెప్తాను వాడికి."

పంటు మళ్ళీ తిరుగుతోంది. వేణు డబ్బా ఒళ్ళో పెట్టుకుని గోదావరి దాటి వెళ్ళి, ఇచ్చి, చీకటి పడకముందే వచ్చాడు. ఆ రోజు నాతో ఎక్కువ మాట్లాడలేదు. నా అబద్ధానికే కోపమొచ్చిందనుకున్నాను.

ఆరో రోజు తెల్లవారుతుండగా మావయ్యగారు పోయారు. వాన వెలిసింది. మైలకని ఇంట్లో వండినవన్నీ పారబోశారు. పెరుగు కుండ, ఊరగాయ జాడీ, అక్క పిల్లకోసం చేసుకున్న సున్నుండల డబ్బా కూడా. మూకుడు తోమి, బోర్లించి, అటక మీద పెట్టేశారు. మంచం పెరట్లో నిలబెట్టారు. ఆ మంచం పట్టె పట్టుకుని నిలబడటం అలవాటైన ధాత్రి, వసారాలో ఖాళీ జాగాలోకి పాకి వెళ్ళి, చెయ్యి చాచి, దొరక్క, మా వంక చూసేది.

ఆ రోజుల్లో కూడా నాకు నవ్వొచ్చేది. వేణు లాల్చీ తిరగేసి తొడుక్కుని వచ్చినప్పుడు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ ఇంట్లో నేను చేసిన మొదటి పని ఒక అబద్ధం. దాన్ని ఆయన నమ్మి పోయారు.

*

దసరాకి వారం ముందు ధాత్రి నడిచింది. వసారాలో, మంచం ఉండే చోటనుంచి వీధి గుమ్మం దాకా. నలుగురం అక్కడే ఉన్నాం. ఈసారి నేనేమీ అనలేదు. అందరూ నా వైపు చూశారు, నేను చూశానో లేదో అన్నట్టు. ఏ కాలు ముందేసిందో నాకు తెలియదు. అత్తయ్యగారు చూశారట. ఎవరడిగినా చెప్పలేదు.

"మా అమ్మకి ఫోన్ చేస్తాను, అరిసెలు వండి తెస్తది," అంది అక్క నెమ్మదిగా.

"చెయ్యి," అన్నారు అత్తయ్యగారు.

"ఒద్దొదినా," అన్నాడు వేణు. లోపలికి వెళ్ళి తనే ఎవరికో ఫోన్ చేశాడు.

మర్నాడు పదింటికి మా అమ్మ వచ్చింది. పంటు దిగి ఆటోలో, ఒళ్ళో డబ్బాతో. మూత చుట్టూ గుడ్డ కట్టి ఉంది. మేము కట్టిన గుడ్డే, అదే ముడి.

"తినలేదా?" అన్నాను.

"ఎలా తింటామే? ధాత్రి నిజంగా నడిచిన రోజున కబురు చేస్తాం, అప్పటిదాకా మూత తియ్యద్దని మీ మావగారు చెప్పి పంపారుగా. అటక మీద పెట్టి, చీమ దూరకుండా చుట్టూ పసుపు పోశాను."

నేను వేణు వంక చూశాను.

"నిజంగా నడిచిన రోజున అని రెండుసార్లన్నారు," అన్నాడు వేణు. "నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదు."

అత్తయ్యగారు ముడి విప్పారు. నెల దాటింది. ఒక్క దానికీ బూజు లేదు, ముక్క వాసన లేదు, బెల్లం, నువ్వుల వాసన గుప్పున వచ్చింది. తువ్వాలు పరిచి, లెక్కపెట్టకుండానే పేర్చాం. అత్తయ్యగారు వెనక్కి జరిగి వంటింటి తలుపు వెనక నిలబడ్డారు. శుభం జరిగేచోట తను ముందుండకూడదని.

అక్క ధాత్రిని ఈ చివర నిలబెట్టి చేతులు వదిలేసింది. పిల్ల ఒక అరిసె మీద కాలు పెట్టి ఆగింది. పగల్లేదు. ఇంకోటి. అదీ పగల్లేదు. మెత్తటివైతే ఆ బరువుకి చితికిపోయి కాలికి అంటుకునేవి, పిల్ల జారేది. ఇవి నాపరాయి పలకల్లా మోశాయి. ధాత్రి తువ్వాలు చివరిదాకా వచ్చి, అక్కడ ఆగకుండా, మా అందర్నీ దాటుకుని తలుపు వెనక్కి వెళ్ళి నాయనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

అత్తయ్యగారు పిల్లని ఎత్తుకుని బయటికొచ్చారు. వంగి, ఒక అరిసె తీసి, గూట్లో ఉన్న ఇత్తడి కంచానికేసి కొట్టారు. తల ఒక పక్కకి వంచి విన్నారు. మళ్ళీ కొట్టారు.

"చెవి బానే ఉంది ఆయనకి," అన్నారు.